శాఖా గ్రంథాలయంలో స్థానిక గ్రంథులు

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: మామ్మ, అమ్మ, నేను, శేషారత్నం గారు. నాన్న లేరు. ఆయన చేపపిల్లల కేంద్రంలో పనిచేస్తారు, ఆ రోజు తల్లిచేపలు గుడ్లు పెట్టడానికి ఇంజెక్షన్లు వేసే రోజు. పక్కింటివాళ్ళ కోడిపెట్ట కాసేపు వచ్చింది గానీ, మంచం కింద గుడ్డు పెట్టి వెళ్ళిపోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

శేషారత్నం గారు మాకు చుట్టం కాదు. మా వీధి గదిలో చిత్తడిపాలెం శాఖా గ్రంథాలయం ఉంది, ఆవిడ దానికి గ్రంథపాలకురాలు. గది తలుపు తీసిన దగ్గర్నుంచి వేసేదాకా మా ఇంట్లోనే ఉంటారు, మా కూరే తింటారు, మామ్మ కళ్ళజోడు కనపడకపోతే ఆవిడే వెతికిపెడతారు. అందుకని ఆవిణ్ణి ఇంట్లోవాళ్ళలోనే రాశాను.

నా పేరు సుభాషిణి. నా నోట్లోంచి మాట రాదని తెలియకముందు పెట్టిన పేరు అది. మాట్లాడని పిల్లను ఊళ్ళో పొగరుబోతు అంటారు, గ్రంథాలయంలో బుద్ధిమంతురాలు అంటారు. అందుకని నేను గ్రంథాలయంలోనే ఎక్కువ ఉంటాను. పదో తరగతి పరీక్షలయిపోయాక ఆ వేసవిలో జంతువుల పిండాలు ఎలా పెరుగుతాయో చెప్పే ఒక లావు పుస్తకం పట్టుకున్నాను. దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరేమిటో తెలియదు. ఊళ్ళో నేను తప్ప ఎవరూ దాన్ని అడగలేదు కనుక పేరు అవసరమూ పడలేదు.

అమ్మ కూర దించుతూ ఉండగా వీధిలో జీపు ఆగింది.

ముందు దిగినవారు చక్రధరం గారు, జిల్లాలో గ్రంథాలయాల ప్రత్యేకాధికారి. వెనక దిగినవాడు ఆయన అటెండరు నూకరాజు. ఇద్దరి చొక్కాలకూ పచ్చటి బిళ్ళలున్నాయి. బిళ్ళ మీద ‘మూలాల మాసోత్సవం’ అని ఉంది.

మాసోత్సవం సంగతి మాకు తెలుసు. ఏది ఎక్కడ పుట్టిందో అది అక్కడే ఉంటే దేశం బాగుపడుతుందని ఆ ఏడాది పైవాళ్ళకు తోచింది. మా మండలంలో అప్పటికే బంగాళాదుంపల బస్తాలను వెనక్కి పంపారు. మిరపకాయ కూడా సముద్రాలు దాటి వచ్చిందేనని సభలో ఒకాయన చెప్పబోతే, ఆయన్ను మర్యాదగా కూర్చోబెట్టి చేతికి మజ్జిగ ఇచ్చారు. ఇప్పుడు వంతు గ్రంథాలయాలకు వచ్చింది.

చక్రధరం గారు కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉత్తర్వు చదివారు. ఉత్తర్వు కూర్చుని చదవకూడదట.

“విషయము: శాఖా గ్రంథాలయములందలి గ్రంథుల జన్మస్థాన నిర్ధారణ. ప్రతి శాఖయందును గల గ్రంథుల మూలములను విచారించి, పుట్టిన స్థానమందే ఉన్నవానిని స్థానికములుగాను, తక్కినవానిని స్థానికేతరములుగాను నమోదు చేయవలెను. స్థానికేతరములు సగమునకు మించిన శాఖను తక్షణమే మూసివేయవలెను.”

శేషారత్నం గారు ఆ కాగితం తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు.

“ఇది గ్రంథాల అని ఉండాలండి. పుస్తకాల గురించి. టైపులో దీర్ఘం పోయి కొమ్ము పడింది.”

“అమ్మా, ప్రభుత్వం వారు దీర్ఘంగా ఆలోచించకుండా కొమ్ము పెట్టరు,” అన్నారు చక్రధరం గారు. “ఉత్తర్వులో పొరపాటు ఉంటే సవరణ వస్తుంది. సవరణ రాలేదు. కావున పొరపాటు లేదు.”

“గ్రంథులంటే ఒంట్లో ఉండేవి కదండీ. థైరాయిడూ అవీ. ఇక్కడ పుస్తకాలున్నాయి గానీ గ్రంథులెక్కడివండి?”

చక్రధరం గారు గది నాలుగు మూలలా చూశారు. బీరువాలు చూశారు. దినపత్రికల బల్ల చూశారు. చివరికి బల్ల వెనక ఉన్న నన్ను చూశారు.

“ఈ అమ్మాయి పాఠకురాలేనా?”

“అవునండి. రోజూ వస్తుంది.”

“పాఠకురాలి యందు గ్రంథులున్నాయి. పాఠకురాలు గ్రంథాలయమందు ఉన్నది. కావున గ్రంథాలయమందు గ్రంథులున్నాయి. నూకరాజూ, రాయి.”

“ఉంటాయి సార్, మనిషన్నాక,” అన్నాడు నూకరాజు.

మామ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. “ఏంటండీ, మా పిల్లకేదో ఉందంటన్నారు?”

“గ్రంథులున్నాయి మామ్మగారూ,” అన్నారు చక్రధరం గారు.

“అదేం రోగం బాబూ?”

“రోగం కాదమ్మా. అందరికీ ఉంటాయి.”

“అందరికీ ఉంటే దీన్నొక్కదాన్నే నిలబెట్టారేంటి?”

“ఇవాళ పాఠకులు ఇంకెవరూ రాలేదు.”

మామ్మకు ఆ జవాబు న్యాయంగానే తోచింది. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

నాకు మాత్రం గ్రంథాలయం గురించే బెంగ. గ్రంథాలయం మూసేస్తే పుస్తకాలన్నీ జిల్లా గోదాముకు పోతాయి. ఈ గదిలో చేపల మేత బస్తాలు వేసుకుంటామని ఒకాయన అప్పటికే నాన్నను రెండుసార్లు అడిగి వెళ్ళాడు. బస్తాలు వచ్చాక నేను ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో ఏం మాట్లాడాలి అన్నది ఎంత ఆలోచించినా తట్టలేదు.

“గ్రంథుల మూలానికి ఆధారం కావాలి,” అన్నారు చక్రధరం గారు.

శేషారత్నం గారు అబద్ధమాడలేరు. నా ముందున్న అట్ట లేని పుస్తకం చూపించారు. చక్రధరం గారు సంతోషించారు. “చూశావా నూకరాజూ, గ్రంథుల మూలం గ్రంథంలోనే దొరికింది. ఇక ఉత్తర్వులో తప్పేముంది?”

విచారణ మొదలైంది. శేషారత్నం గారు చదువుతారు. పేజీ ఎక్కడుందో నేను వేలితో చూపిస్తాను. చక్రధరం గారు తీర్పు చెబుతారు. నూకరాజు రాస్తాడు.

మొదట థైరాయిడ్. పిండం ఇంకా చిక్కుడు గింజంత కూడా లేనప్పుడు నాలుక మొదట్లో చిన్న గుంటలాగా మొదలవుతుందనీ, తర్వాత మెల్లగా కిందికి దిగి మెడలో స్థిరపడుతుందనీ పుస్తకం చెప్పింది.

“ప్రస్తుత నివాసం?”

“మెడండి.”

“జన్మస్థానం?”

“నాలుక మొదలండి.”

“స్థానికేతరం. నాలుకకు తిప్పి పంపవలెను.”

నూకరాజు కలం ఆపాడు. “నాలుక మీద పెడితే పాపకు మాట్లాడ్డానికి అడ్డం రాదా సార్?”

“అది మాట్లాడదులే బాబూ,” అంది మామ్మ. “అడ్డం వచ్చినా తెలీదు.”

తర్వాత పిట్యూటరీ. ఇది మెదడు కింద వేలాడే బఠాణీ గింజ. దీని ముందు సగం నోటి పైకప్పు నుంచి పైకి వెళ్ళిందట. వెనక సగం మెదడులోంచి కిందికి దిగిందట. రెండూ దారిలో కలుసుకుని ఒకే గ్రంథిలాగా కాపురం చేస్తున్నాయట.

“ఉమ్మడి ఆస్తి,” అన్నారు చక్రధరం గారు. “సరిహద్దు రాళ్ళున్నాయా?”

“పుస్తకంలో రాయలేదండి.”

“సర్వే చేయించాలి. అప్పటిదాకా స్థానికేతరం.”

మూత్రపిండం మీద టోపీలాగా ఉండే అడ్రినల్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. దాని పైతొక్క అక్కడే పుట్టింది. లోపలి గుజ్జు మాత్రం కాదు. ఆ కణాల పూర్వీకులు వెన్ను దగ్గర బయలుదేరి, నరాల వెంట నడుచుకుంటూ వచ్చి, తొక్క లోపల చేరాయి. మనం కుక్కను చూసి పరిగెత్తేటప్పుడు గుండె దడదడలాడేది వీటి వల్లనే.

చక్రధరం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. “ఇల్లు ఒకరిది. ఉంటున్నది వేరొకరు.”

“ఇల్లరికం వచ్చారు సార్,” అన్నాడు నూకరాజు.

“అదే. ఇల్లరికపు అల్లుడు ఎంతకాలమున్నా ఆ ఊరివాడు కాదు. స్థానికేతరం.”

ఒంట్లో చక్కెరను అదుపులో పెట్టే క్లోమం కణాల దగ్గర ఆయనకు నిజంగా కోపం వచ్చింది. వాటివి నరాల వంశమని కొందరు శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారనీ, తర్వాత కాదు, పేగు వంశమేనని దిద్దుకున్నారనీ పుస్తకంలో ఉంది.

“వంశం ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటారా? గెజిట్‌లో ప్రకటన వేయించారా?”

“కణాలు మార్చుకోలేదండి,” అన్నారు శేషారత్నం గారు. “శాస్త్రవేత్తలే మార్చారు.”

“ఎవరు మార్చినా ప్రకటన ఉండాలి.”

ఆ తర్వాతి పేజీలో మరికొన్ని గ్రంథులున్నాయి. శేషారత్నం గారు ఒక వాక్యం మొదలుపెట్టి ఆపేశారు. మామ్మ దగ్గింది. మజ్జిగ తెచ్చిన అమ్మకు వంటింట్లో పని గుర్తొచ్చింది. చక్రధరం గారు దూలం వైపు చూస్తూ, “వీటి విచారణ వాయిదా,” అన్నారు. నూకరాజు పేజీ తిప్పేశాడు.

పారాథైరాయిడ్ దగ్గర వ్యవహారం ఇల్లు దాటింది.

అవి థైరాయిడ్ వెనక దాక్కున్న నాలుగు గింజలు, నూకలకంటే కాస్త పెద్దవి. పిండం మెడ దగ్గర కొన్ని మడతలు వస్తాయి. చేపకైతే ఆ మడతల దగ్గరే మొప్పలు తయారవుతాయి. మనకు మొప్పలు రావు, ఆ మడతల్లోంచే ఈ గింజలు వస్తాయి. నీళ్ళలో బతికే చేపకు ఒంట్లో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడంలో మొప్పలకు పెద్ద పాత్ర ఉంది. నేల మీది జంతువులకు ఆ పని ఈ గింజలు చూస్తాయి. అందుకని ఇవి మన పాత మొప్పలకు వారసులని చెప్పుకోవచ్చని పుస్తకం.

చక్రధరం గారు కుర్చీలోంచి లేచారు. “మొప్పలా?”

“ఆ వంశమండి.”

“మొప్పలు మన పరిధి కాదు. మత్స్యశాఖ.”

ఆయన బయటికెళ్ళి ఫోను చేశారు. మత్స్యశాఖ దావీదు గారు ఆ రోజు మా ఊళ్ళోనే, నాన్న పనిచేసే చేపపిల్లల కేంద్రంలో ఉన్నారు. ఒక మనిషి అన్నం తిని చెయ్యి కడుక్కునేంత సేపట్లో నాన్న బండి వెనక కూర్చుని వచ్చారు. చేతిలో చేపపిల్లల్ని రవాణా చేసే పాలిథిన్ సంచి ఉంది, సగం నీళ్ళు, సగం ఆక్సిజన్.

“సరుకు ఎక్కడుందండి?” అన్నారు.

చక్రధరం గారు నన్ను చూపించారు.

“మా అమ్మాయండి,” అన్నారు నాన్న. ఆయన చొక్కా నిండా పొలుసులే.

“మీ అమ్మాయైనా సరే సత్తిరాజూ, రూలు రూలే. మొప్పలున్న ప్రతి జీవీ మా శాఖ కిందికే వత్తది. ఒకప్పుడు మొప్పలుండి ఇప్పుడు లేనోటిని మేం పాత బకాయిల కింద చూపిత్తాం.”

“అంటే పాపను చెరువులో వెయ్యమంటారా?” అన్నాడు నూకరాజు.

“పాపను వద్దండి. గింజలు నాలుగే.”

“గింజలు పాప మెడలో ఉన్నాయి కదండీ.”

“అది రవాణా విభాగం చూసుకోవాల్సిన సంగతండి. ఆయ్.”

మామ్మకు ఒళ్ళు మండింది. “నా మనవరాలు చేపైతే, మరి నేనెవర్ని?”

దావీదు గారు చేతులు కట్టుకున్నారు. “మీరు తల్లిచేపండి.”

నాన్నకు నవ్వు వచ్చింది. మామ్మ చూసేసరికి పోయింది.

తన గ్రంథులను ఇంకో శాఖ పట్టుకుపోతుందనేసరికి చక్రధరం గారికి వాటి మీద మమకారం పుట్టుకొచ్చింది. గ్రంథాలయంలో ఉన్న గ్రంథి గ్రంథాలయానిదే అన్నారు. మొప్ప వంశం మత్స్యశాఖదే అన్నారు దావీదు గారు. ఇద్దరూ నా మెడకు అటొకరు ఇటొకరు నిలబడి కాసేపు వాదించుకున్నారు. చివరికి మత్స్యశాఖకు ఆ నాలుగు గింజల విషయంలో పరిశీలక హోదా ఇచ్చేటట్టు రాజీ కుదిరింది. పరిశీలక హోదా అంటే కుర్చీ వేసుకుని మజ్జిగ తాగడం. దావీదు గారు వెంటనే మొదలుపెట్టారు.

నూకరాజు మొత్తం కూడాడు. స్థానికేతరాలు సగం కంటే చాలా ఎక్కువ వచ్చాయి. చక్రధరం గారు తాళంకప్ప తీయమన్నారు. శాఖలు మూయడానికి జీపులో తాళంకప్పలు పెట్టుకునే తిరుగుతున్నారట.

“ఒక్క నిమిషమండి,” అన్నారు శేషారత్నం గారు. ఆవిడ ఉత్తర్వు వెనక్కి తిప్పారు. అడుగున చిన్న అక్షరాలున్నాయి. “స్థానమనగా రెవెన్యూ గ్రామము అని ఉందండి.”

“ఉంటే?”

“నాలుక ఏ గ్రామంలో ఉందండి?”

చక్రధరం గారు నన్ను చూశారు. “చిత్తడిపాలెంలో.”

“మెడ?”

“అదీ చిత్తడిపాలెమే.”

“అయితే నాలుకలోంచి మెడలోకి వచ్చింది గ్రామం దాటలేదు కదండీ. వెన్నులోంచి మూత్రపిండం మీదికి వచ్చిందీ దాటలేదు. ఊళ్ళో ఇల్లు మారినట్టే.”

ఇంత చక్కటి నిబంధన ఉత్తర్వులో ఉందని చక్రధరం గారికే తెలియదు. ఆయన దాన్ని మూడుసార్లు చదివి, ప్రభుత్వం మీద మళ్ళీ గౌరవం కలిగినట్టు తలూపారు. “స్థానికములే. అన్నీ స్థానికములే.”

శేషారత్నం గారు పొద్దున్నించీ మొదటిసారి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు నూకరాజు, ఏదో సాయం చేద్దామన్నట్టు అడిగాడు.

“ఇంతకీ పాప పుట్టిందెక్కడండి?”

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. “పైడిమర్రులోనండి. మా పుట్టింట్లో.”

శేషారత్నం గారు మళ్ళీ లేచి నిలబడ్డారు.

“పైడిమర్రు,” అన్నారు చక్రధరం గారు. “ఉప్పుటేరు అవతల. వేరే గ్రామం. వేరే మండలం. గ్రంథులున్న మనిషి అక్కడ పుట్టినది కావున గ్రంథులన్నీ అక్కడ పుట్టినవే. నూటికి నూరు స్థానికేతరములు.”

“మొదటి పురుడు పుట్టింటివాళ్ళు కాక ఇంకెవరు పోత్తారండీ?” అంది మామ్మ. “మీరు మాత్తరం మీ నాన్నగారి ఊళ్ళో పుట్టారా?”

“నేను రెండో సంతానం.”

“మీ అన్నగారు?”

చక్రధరం గారు కాస్త తటపటాయించారు. “అమ్మమ్మగారి ఊళ్ళో.”

“మరి?”

“అయితే రాష్ట్రంలో ప్రథమ సంతానమంతా స్థానికేతరమే అవుతుంది. అది విధానపరమైన విషయం. పైకి నివేదిస్తాం. ప్రస్తుతానికి ఈ శాఖ మూసివేయబడుచున్నది.”

నూకరాజు తాళంకప్ప పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. దావీదు గారు గ్లాసు కింద పెట్టారు. నాన్న బీరువాల వంక చూస్తున్నారు, బస్తాలు ఎటు వైపు పేరిస్తే బాగుంటుందో అప్పుడే ఆలోచిస్తున్నట్టు. శేషారత్నం గారు దినపత్రికలు సర్దుతున్నారు. ఇక రానివాళ్ళు సర్దినట్టు అంచులన్నీ కలిపి సర్దుతున్నారు.

నా ముందు పుస్తకం తెరిచే ఉంది. ఆ పేజీలో నాకు తెలిసిన ఒక వాక్యం ఉంది. దాన్ని బట్టి ఒక ప్రశ్న అడగాలి. అది నాన్న ముందు, ఇద్దరు ఆఫీసర్ల ముందు అడగాల్సిన ప్రశ్న కాదు. అడిగితే అమ్మకు తల కొట్టేసినట్టవుతుంది. అడగకపోతే సాయంత్రానికి ఈ గది చేపల మేత వాసన వేస్తుంది. తలుపు రెక్క కిర్రుమంది.

“మామ్మా,” అన్నాను. “అమ్మ పురిటికి ఎన్నో నెలలో వెళ్ళింది?”

తలుపు రెక్క సగంలో ఆగింది.

“పాపకు మాటలొచ్చా?” అన్నాడు నూకరాజు.

“ఏడో నెల్లో ఎల్లింది,” అంది మామ్మ. “సూడిదలు పెట్టి వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. ఎందుకే?”

నేను పేజీ మీద వేలు పెట్టాను, కానీ ఈసారి శేషారత్నం గారు చదవడం కోసం ఆగలేదు. “ఈ గ్రంథులన్నీ మూడో నెల నిండకముందే మొదలైపోతాయండి. అవి ముందు పుట్టాయి. నేను తర్వాత పుట్టాను.”

తాళంకప్ప నూకరాజు చేతిలోనే ఉండిపోయింది. చక్రధరం గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ వాక్యం తనే చదువుకున్నారు.

“అనగా, సదరు గ్రంథులు జన్మించిన కాలమందు సదరు తల్లి...”

“ఇక్కడే ఉందండి,” అంది మామ్మ. “నాలుగు నెలలు వాంతులు. గుక్కెడు నీళ్ళు ఇమిడేవి కాదు. నేనే కదా చేసింది.”

“ఇక్కడ అంటే ఎక్కడ? శాఖ ఈ గదికే పరిమితం. గ్రంథుల ఉద్భవం ఇంట్లో ఏ భాగంలో జరిగినదో నిర్ధారించాలి.”

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. నాన్నకు బండి స్టాండు సరిగ్గా వేశానో లేదో అన్న అనుమానం వచ్చి వీధిలోకి వెళ్ళిపోయారు.

“ఏ భాగమేంటి, ఈ గదే,” అంది మామ్మ. ఆవిడకు మొహమాటం లేదు. “కొత్త కాపురం కదా, వీధి గదైతే గాలి ఆడుద్దని వాళ్ళిద్దరికీ ఇది ఇచ్చాం. మీ పుస్తకాలు ఆ తరవాత కదండీ వచ్చింది.”

“సాక్షులు?”

“దేనికి బాబూ?”

చక్రధరం గారు ప్రశ్నను మనసులో ఒకసారి చదువుకుని, చెవులు ఎర్రబడగా, వెనక్కి తీసుకున్నారు. “సాక్షులు అవసరం లేదని భావిస్తున్నాను. మంచం ఎక్కడుండేది?”

“అదిగో, ఆ అద్దాల బీరువా ఉన్న చోట.”

అందరూ తలలు తిప్పి అద్దాల బీరువాను చూశారు. నేను మాత్రం నేలను చూశాను. అందులో నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు ఉంటాయి. దావీదు గారు ఎందుకో లేచి నిలబడ్డారు.

“రిఫరెన్సు విభాగం,” అన్నారు చక్రధరం గారు. ఆయన గొంతు మారిపోయింది. “నూకరాజూ, రాయి. సదరు గ్రంథులు సదరు గదియందే, రిఫరెన్సు విభాగమునందే ఉద్భవించినవనియు, తదనంతరము పైడిమర్రునకు తాత్కాలికముగా మాత్రమే వెడలినవనియు, వెడలునపుడు తల్లియందు భద్రపరచబడి ఉన్నవనియు, మరల స్వస్థానమునకు చేరినవనియు విచారణలో తేలినది. చిత్తడిపాలెం శాఖ జిల్లాలోకెల్ల సంపూర్ణ స్థానిక శాఖగా గుర్తించబడుచున్నది.”

“మూయరు కదండీ?” అన్నారు శేషారత్నం గారు.

“ఎలా మూస్తామమ్మా? తక్కిన శాఖల్లో ఉన్నవన్నీ ఎక్కడెక్కడినుంచో వచ్చిన గ్రంథులు. గ్రంథాలయంలోనే పుట్టిన గ్రంథులు ఇక్కడ ఒక్కచోటే ఉన్నాయి. మాసోత్సవం ముగింపు సభలో దీన్ని ప్రస్తావిస్తాను.”

నూకరాజు తాళంకప్ప జేబులో వేసుకున్నాడు. శేషారత్నం గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళజోడు చాలాసేపు తుడిచారు. నాకు ఎవరినైనా పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది. ఎవరినీ తిప్పలేదు.

వెళ్ళబోతూ గుమ్మంలో చక్రధరం గారు ఆగారు. “ఒక సంగతి మరిచాను. రిఫరెన్సు విభాగానికి చెందినవి బయటికి ఇవ్వబడవు.”

“పుస్తకాలే కదండీ?” అన్నారు శేషారత్నం గారు.

“ఆ విభాగానికి చెందిన ఏవైనా. కావలసినవారు ఇక్కడికే వచ్చి చూసుకోవాలి. గ్రంథులు గది దాటరాదు.”

“మరి గ్రంథులున్న అమ్మాయి?”

“అట్ట ఇంటికి ఇచ్చి పుస్తకం మాత్రం ఇక్కడ ఉంచుతామా అమ్మా? రెండూ ఇక్కడే.”

నూకరాజు గుండ్రటి ముద్ర తీసి, మొహమాటపడుతూ, నా మణికట్టు మీద వేశాడు. ఊదా రంగులో ‘రిఫరెన్సు’ అని పడింది. కొంచెం చెదిరింది గానీ చదవడానికి వస్తుంది. దావీదు గారు అది చూసి ముచ్చటపడి, మత్స్యశాఖకు కూడా ఇలాంటిది ఒకటి చేయించాలి గానీ చేపల మీద సిరా నిలవదన్నారు. జీపు వెళ్ళిపోయింది. దావీదు గారు సరుకు లేని సంచి పట్టుకుని నాన్నతో పాటు కేంద్రానికి వెళ్ళారు. పొద్దువాలుతుండగా శేషారత్నం గారు వీధి తలుపు దగ్గరగా వేసి, “రేపు కొత్త పుస్తకాలకు అర్జీ పెడదాం సుభా, ఇప్పుడు మన మాట చెల్లుతుంది,” అని చెప్పి ఇంటికి వెళ్ళారు.

గదిలో నేనూ పుస్తకాలూ మిగిలాం. చాలాసేపు చదివాను. పేజీల్లో ఉన్నవాళ్ళందరూ ఎక్కడినుంచో ఎక్కడికో వెళ్తున్నారు. నాలుకలోంచి మెడలోకి, నోట్లోంచి మెదడు కిందికి, వెన్నులోంచి నడుము దగ్గరికి. దాదాపు ఎవరూ పుట్టినచోట కుదురుగా కూర్చోలేదు. అలా వెళ్ళబట్టే నేను ఎదిగాను, నాకు ఆకలి వేస్తోంది, ఆఫీసర్ల ముందు నాకు గుండె దడ పుట్టింది. ఆకలి గుర్తు రాగానే లేచి వంటింటి తలుపు తోశాను.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆఫీసర్లు వెళ్ళినా బయటికి రాలేదు. మామ్మ పక్కన కూర్చుని ఏదో చెబుతోంది. నన్ను చూసి ఇద్దరూ మాటలాపారు. అమ్మ మొహం ఇంకా ఎర్రగానే ఉంది.

“అన్నం పెట్టమ్మా,” అన్నాను.

“నువ్వు రిఫరెన్సు కదే. గది దాటకూడదంట.”

“ఆఫీసరు గారు వెళ్ళిపోయారమ్మా.”

“ఆయనెళితే నేను లేనా? ఇన్నాళ్ళూ నోరు లేని పిల్లనుకున్నాను. ఇవాళ నోరు తెరిచి, అంతమందిలో నా నెలలు లెక్కపెట్టిత్తావా?”

“గ్రంథాలయం పోయేదమ్మా.”

“పోలేదు కదా. పో, ఉండు అందులో.”

అమ్మ లేచి కంచంలో అన్నం పెట్టి, నెయ్యి రోజూకంటే ఎక్కువే వేసి, తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మామ్మ వెనక నుంచి, “అసలు ఆ మంచం బీరువా ఉన్న చోట కాదేమోనే మంగతాయారూ, కిటికీ కింద కదా,” అంది. అమ్మ పెదవులు బిగబట్టుకుంది. నవ్వు నా ముందు బయటపడకుండా చూసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. నేను నోరు తెరవబోయాను.

అమ్మ నా మొహం మీదే తలుపు వేసింది.